ఓడలో నాలుగు నెలల కాపురం: అరవై దాటినవాళ్లకు వరల్డ్ క్రూయిజ్ సంగతులు

వరల్డ్ క్రూయిజ్‌కి, అంటే ఓడలో ప్రపంచం చుట్టి రావడానికి, వెళ్దామా అని ఇంట్లో మాట మొదలవగానే అందరూ చూసేది ఏయే దేశాలు తిప్పుతారన్న జాబితా. నేను మాత్రం ఆ కాగితంలో "ఎట్ సీ" (రోజంతా సముద్రం మీదే) అని రాసి ఉన్న రోజులు లెక్కపెట్టమంటాను. దాదాపు సగం అవే ఉంటాయి. పసిఫిక్ దాటేటప్పుడు వరుసగా ఐదారు రోజులు నేల కనపడదు. రేవులో దిగి తిరిగేది ఎనిమిది, పది గంటలు. మిగతా బతుకంతా ఓడలోనే, నిద్ర, మందులు, బట్టలు ఉతుక్కోవడం, ఇరుగుపొరుగు అన్నీ అక్కడే. అందుకే దీన్ని టూర్ అనుకోకుండా వేరే ఊళ్లో నాలుగు నెలలు కాపురం పెడుతున్నట్టు ప్లాన్ చేసుకోమని చెబుతున్నాను. మావారూ నేనూ ఓడలో చూసినంతలో, అలా సిద్ధమై వచ్చినవాళ్లే చివరిదాకా హాయిగా ఉన్నారు.

మామూలుగా ఈ ఓడలు జనవరి మొదట్లో అమెరికాలోని ఫోర్ట్ లాడర్‌డేల్, మయామీ, లాస్ ఏంజిలెస్ రేవుల నుంచో, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ నుంచో బయల్దేరి ఏప్రిల్, మే నెలల్లో తిరిగి చేరతాయి. క్యునార్డ్, హాలండ్ అమెరికా, ప్రిన్సెస్ లాంటి కంపెనీలవి చాలావరకు 100 నుంచి 130 రోజులు, ఓషియానియా వాళ్లవి 180 రోజులవి కూడా ఉన్నాయి. 2023 డిసెంబర్‌లో మయామీ నుంచి కదిలిన రాయల్ కరీబియన్ వారి ఓడ ఏకంగా 274 రాత్రుల ప్రయాణం పెట్టుకుంది. ఖర్చంటారా, కిటికీ లేని లోపలి కేబిన్‌కే మనిషికి పదిహేను వేల డాలర్ల చుట్టుపక్కల మొదలవుతుంది, లగ్జరీ ఓడల్లో లక్ష డాలర్లు దాటుతుంది. ఒక్కరే వెళ్తే కేబిన్ మొత్తానికీ కట్టాలి కాబట్టి ఒకటిన్నర నుంచి రెండు రెట్లు అవుతుంది. ఇవి కాక రోజుకి మనిషికి పదిహేను, ఇరవై డాలర్ల టిప్పులు చాలా కంపెనీల్లో ఖాతాలో వాటంతట అవే పడుతుంటాయి. ఇండియా నుంచి కొంటే టీసీఎస్ అని అమ్మేవాళ్లే ముందుగా పన్ను పట్టుకుంటారు, అది ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్ వేసినప్పుడు లెక్కలోకి వస్తుంది, ఆ రసీదు జాగ్రత్త.

ఇంత డబ్బు ఒకేసారి పెట్టేముందు ఒక సెగ్మెంట్ చేసి చూడండి. వరల్డ్ క్రూయిజ్‌లను కంపెనీలు ముక్కలుగా కూడా అమ్ముతాయి, సిడ్నీ నుంచి సింగపూర్ దాకా, సింగపూర్ నుంచి కేప్‌టౌన్ దాకా ఇలాగ. హైదరాబాద్ నుంచి సింగపూర్‌కి డైరెక్ట్ ఫ్లైట్ ఉంది కాబట్టి మనవాళ్లకి అక్కడ ఎక్కడమో దిగడమో తేలిక. మూడు వారాలు ఓడలో ఉంటే మీ నడుము, మీ కడుపు, మీ ఇద్దరి ఓపిక ఏమంటున్నాయో స్పష్టంగా తెలుస్తుంది.

కాగితాల పని కనీసం ఆరు నెలల ముందు మొదలుపెట్టాలి. పాస్‌పోర్టు గడువు తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకో ఆరు నెలలుండాలి, ఖాళీ పేజీలూ చాలినన్ని ఉండాలి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి అసలు శ్రమ వీసాలు: అమెరికా, బ్రిటన్, షెంగెన్ (చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే వీసా), ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, జపాన్ ఒక్కొక్కటీ వేరు, వాటిలో కొన్నింటికి పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే వారాల తరబడి ఉండిపోతుంది, కాబట్టి ఏది ముందు ఏది వెనక అని కాగితం మీద వరస రాసుకోండి. ఓడ ఒకే దేశంలోకి రెండుసార్లు వెళ్తుందేమో చూసి మల్టిపుల్ ఎంట్రీ అడగండి. పసిఫిక్‌లోని తహితి దీవి ఫ్రాన్స్‌దే అయినా షెంగెన్ పరిధిలోకి రాదు, విడిగా కనుక్కోవాలి. అమెరికా పౌరసత్వం తీసుకున్న మనవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి, ఓడ ముంబైలోనో కొచ్చిలోనో ఆగుతుంటే కిందికి దిగకపోయినా సరే వీసా ఉండాలని క్రూయిజ్ కంపెనీలు అడుగుతాయి. విదేశీ పౌరులైన మనవాళ్లకి భారత ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు ఉంటే అది ఇంట్లో బీరువాలో పెట్టి రాకండి. రూటు మారే అవకాశం కూడా ఎప్పుడూ ఉంటుంది. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక చాలా వరల్డ్ క్రూయిజ్‌లు సూయజ్ కాలువ మానేసి ఆఫ్రికా చుట్టూ తిరిగాయి. ఈజిప్టు చూద్దామనే ఎక్కినవాళ్లకి అది పెద్ద నిరాశ. ఒక్క ఊరి కోసం ఇంత డబ్బు పెట్టొద్దనేది అందుకే.

ఆఫ్రికా, దక్షిణ అమెరికా వైపు వెళ్లే ఓడైతే ఎల్లో ఫీవర్ టీకా సంగతి ముందే తేల్చుకోండి. బ్రెజిల్, ఘనా, కెన్యా లాంటి దేశాల నుంచి వస్తూ సర్టిఫికెట్ లేకపోతే ఇండియాలో ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టగలరు. వేయించుకున్న పదో రోజు నుంచే సర్టిఫికెట్ చెల్లుతుంది. అరవై దాటినవాళ్లకి మొదటిసారి ఈ టీకా ఇచ్చేటప్పుడు రిస్కు కాస్త ఎక్కువ కాబట్టి డాక్టర్లు ఆచితూచి ఇస్తారు. వద్దని మినహాయింపు పత్రం రాసిచ్చినా దాన్ని ప్రతి దేశమూ ఒప్పుకుని తీరాలన్న రూలేమీ లేదు. టీకా కుదరనివాళ్లు ఆ రూటు మానేసి వేరే రూటు ఎంచుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

మందులు, ఒంట్లో బాగుండకపోవడం

దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఈ వయసులో ప్రయాణం నడిచేదీ ఆగేదీ ఇక్కడే.

మొత్తం ప్రయాణానికి సరిపడా, పైన ఇంకో నెలకి మందులు తీసుకెళ్లండి. రెండు భాగాలు చేసి ఒకటి చేతిసంచిలో, ఒకటి భార్యాభర్తల్లో రెండోవాళ్ల సంచిలో పెట్టండి, సూట్‌కేసులో మాత్రం వద్దు. స్ట్రిప్పుల నుంచి విప్పి డబ్బాలో పోసి తీసుకెళ్లకండి, కస్టమ్స్‌వాళ్లు అడిగితే ఏ మాత్రో చూపించలేరు. వారానికి సరిపడా మాత్రమే పిల్ బాక్సులోకి తీసుకుంటూ ఉండండి. డాక్టరు చేత లెటర్‌హెడ్ మీద అన్నీ జెనరిక్ పేర్లతో రాయించండి. క్రోసిన్ అంటే చిలీలోనో జపాన్‌లోనో ఎవరికీ తెలియదు, పారాసిటమాల్ అని ఉండాలి. ఇండియాలో మామూలుగా దొరికే కొన్ని మందులు బయట నేరం అవుతాయి: ట్రమడాల్, కోడీన్ కలిసిన దగ్గుమందు యూఏఈలో ముందస్తు అనుమతి లేకుండా ఉండకూడదు, సూడోఎఫెడ్రిన్ ఎక్కువగా ఉన్న జలుబు మందులకి జపాన్‌లో నిషేధం ఉంది. అమెరికాలో ఉన్నవాళ్లు ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి "వెకేషన్ ఓవర్‌రైడ్" అని అడిగితే మూడు నెలలకి మించి కూడా మందులు ఇప్పించే వీలుంటుంది.

ఇన్సులిన్ వాడేవాళ్లు కేబిన్‌లో ఉండే మినీబార్‌ని నమ్మొద్దు, చాలావాటిలో చల్లదనం చాలదు. మెడికల్ ఫ్రిజ్ కావాలని, సూదులు వేసే డబ్బా కావాలని ముందే రాయండి, మామూలుగా డబ్బులడగకుండానే ఏర్పాటు చేస్తారు. నిద్రలో ఊపిరికి సాయంగా పెట్టుకునే సీప్యాప్ మెషిన్ ఉంటే డిస్టిల్డ్ వాటర్ గురించీ అలాగే ముందే చెప్పాలి.

గడియారం సంగతి ఎవరూ చెప్పరు. ఓడ పడమటికి వెళ్తుంటే కొన్ని రోజులకోసారి రాత్రి గంట వెనక్కి జరుపుతారు, ఆ రోజు 25 గంటలు, హాయిగా గంట నిద్ర ఎక్కువ. తూర్పుకి వెళ్తే 23 గంటల రోజులు, వరుసగా అలాంటివి నాలుగైదు వచ్చాయంటే పెద్దవాళ్లకి నీరసం వచ్చేస్తుంది. రెండు రూట్లూ దొరికితే పడమటి వైపు వెళ్లేదే తీసుకోండి. అయితే అప్పుడు పసిఫిక్‌లో డేట్‌లైన్, అంటే తేదీ మారే గీత, దాటేటప్పుడు క్యాలెండర్లో ఒక రోజు మొత్తం మాయమవుతుంది, మంగళవారం పడుకుంటే లేచేసరికి గురువారం. వారానికోసారి వేసుకునే మాత్రలున్నవాళ్లు వారం పేరు చూడకుండా ఏడు నిద్రలు లెక్కపెట్టుకుని వేసుకోవాలి. బీపీ మాత్రలకి ఓడ టైము చాలు, ఇన్సులిన్, పార్కిన్‌సన్స్ మందులకి మాత్రం ఎలా జరుపుకోవాలో మీ డాక్టరునడిగి రాయించుకోండి.

ఓడలో ఆసుపత్రి ఉంటుంది. డాక్టర్లు, నర్సులు, ఎక్స్‌రే, రక్తపరీక్షలు, ఆక్సిజన్, గుండె ఆగితే షాకిచ్చే మెషిన్ అన్నీ ఉంటాయి. పెద్ద ఆపరేషన్లు చేయరు. గుండెపోటో పక్షవాతమో వస్తే నిలకడగా ఉంచి తర్వాతి రేవులో ఆసుపత్రికి దింపేస్తారు, ఆ రేవు నాలుగు రోజుల దూరంలో ఉండొచ్చు. నడిసముద్రం దాకా హెలికాప్టర్ రావడం కుదరదు. ఇది పిల్లలకీ తెలిసి ఉండాలి. ఓడ డాక్టరు ఫీజు మీ ఖాతాలో పడుతుంది, అమెరికాలో పెద్దవాళ్లకుండే ప్రభుత్వ ఇన్సూరెన్స్ మెడికేర్ దేశం బయట మామూలుగా ఏమీ ఇవ్వదు, కాబట్టి మెడికల్ ఎవాక్యుయేషన్ (జబ్బుపడినవాళ్లని ఆసుపత్రికి తరలించే ఖర్చు) ఉన్న పాలసీ తీసుకోకుండా ఎక్కనే వద్దు. షుగరు, పాత స్టెంటు ఏదీ దాచకుండా ఫారంలో రాయండి, దాచిన జబ్బుకి క్లెయిమ్ ఇవ్వరు. ఇండియా పాలసీల్లో డెబ్బై దాటితే కవరేజీ తగ్గిపోతుంది, రోజుల పరిమితి కూడా ఉంటుంది. ఆ రెండూ చదివాకే డబ్బు కట్టండి.

ఓడ ఊపుకి కడుపు తిప్పకుండా వాడే మాత్రల్లో కూడా తేడాలున్నాయి. మెక్లిజిన్ మత్తుగా ఉంచుతుంది, ప్రోస్టేటు, గ్లాకోమా ఉన్నవాళ్లకి పడకపోవచ్చు. చెవి వెనక అంటించుకునే ప్యాచ్ వల్ల పెద్దవాళ్లలో తికమక, మతిమరుపు వచ్చే అవకాశం ఉంది. ఇంటి దగ్గరే డాక్టరునడిగి ఒకటి ఎంచుకోండి. సముద్రం అల్లకల్లోలంగా ఉన్నప్పుడు అల్లం ముక్క, నాలుగు ఉప్పు బిస్కెట్లు తిని ఓడ మధ్యలో కింది అంతస్తులో కూర్చుని దూరంగా దిగంతాన్ని చూడటం చాలామందికి పనిచేస్తుంది. చేతులు మాత్రం సబ్బుతో, నీళ్లతోనే కడగండి. బఫే గుమ్మంలో పెట్టే శానిటైజర్ నోరోవైరస్ మీద అంతగా పనిచేయదు, ఓడల్లో వాంతులు విరేచనాలు ఎక్కువగా వ్యాపించేది ఆ వైరస్ వల్లే.

కేబిన్

ఓడ పొడవులో మధ్యన, కింది అంతస్తుల్లో ఉన్న కేబిన్‌కి ఊపు తక్కువ. పైన థియేటరో, డాన్స్ హాలో, బఫే వంటగదో ఉందేమో డెక్ ప్లాన్‌లో చూడండి, తెల్లవారుజామున కుర్చీలు లాగే చప్పుడుకి నిద్ర పట్టదు. లిఫ్టుకి దగ్గర కావాలి కానీ ఎదురుగా వద్దు. బాల్కనీ నాలుగు నెలలకి ఖరీదైన సౌకర్యమే అయినా, మోకాళ్ల నొప్పితో ఎక్కువసేపు గదిలోనే ఉండేవాళ్లకి అది పెట్టిన డబ్బుకి తగినదే అంటాను.

బాత్రూమ్ గుమ్మం చాలా ఓడల్లో నాలుగు వేళ్లు ఎత్తు ఉంటుంది. రాత్రిపూట కాలు తగిలి పడేది అక్కడే. బ్యాటరీతో వెలిగే చిన్న నైట్ ల్యాంప్ ఒకటి, రబ్బరు అడుగున్న చెప్పులు, స్నానానికి మగ్గు తీసుకెళ్లండి. టాయిలెట్‌లో జెట్ స్ప్రే ఉండదు, నొక్కితే నీళ్లొచ్చే ప్లాస్టిక్ సీసా ఒకటి ఉంటే మనవాళ్లకి ప్రాణం లేచొస్తుంది. నడిచేటప్పుడు ఒక చేయి ఎప్పుడూ రెయిలింగ్ మీద ఉండాలి, రెండు చేతుల్లో ప్లేట్లు పట్టుకుని బఫేలో తిరగొద్దు. డెక్ మీదికి తెరిచే తలుపులు గాలికి ఫెడీమని మూసుకుంటాయి, తలుపు అంచు మీద వేళ్లు పెట్టకండి.

ఎలక్ట్రిక్ కెటిల్, రైస్ కుక్కర్, ఇస్త్రీ పెట్టె, నీళ్లు కాచుకునే కాయిల్ నిప్పు భయంతో రానివ్వరు, స్కానింగ్‌లో పట్టుకుని దిగేదాకా వాళ్ల దగ్గరే ఉంచుతారు. ఇస్త్రీకి, ఉతుక్కోవడానికి కొన్ని ఓడల్లో లాండ్రీ గదులున్నాయి. లేని ఓడైతే లాండ్రీ ప్యాకేజీ ధర ముందే అడగండి, నాలుగు నెలల మీద అది చిన్న మొత్తం కాదు.

తిండి

దీని మీద మనవాళ్లకుండే బెంగ నాకు తెలుసు. శాకాహారం దొరుకుతుంది. పెద్ద ఓడల్లో ఇండియన్ వెజిటేరియన్ కూడా అడిగితే చేస్తారు, వంటగదుల్లో గోవా, కేరళ, ముంబై వాళ్లు చాలామంది ఉంటారు. బుకింగ్‌లోనే రాయించి, ఎక్కిన మొదటి రాత్రే డైనింగ్ రూమ్ హెడ్ వెయిటర్ని కలవండి. మా టేబుల్ చూసే అబ్బాయి కేరళవాడు, రాత్రి భోజనం చివర్లో మర్నాటి మెనూ కార్డూ పెన్సిలూ పట్టుకుని వచ్చి "రేపేం చేయించమంటారమ్మా?" అని అడిగేవాడు. నేను విడమరిచి చెప్పేదాన్ని: అన్నం మెత్తగా ఉడకాలి, పప్పులో క్రీమ్ వద్దు, ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లితో పోపు, బెండకాయ ఉంటే వేపుడు. ఆ కార్డు వెనకే రాసుకుని వెళ్లేవాడు, మర్నాడు పోపు గిన్నె విడిగా తెచ్చి మా ఎదురుగానే పప్పులో కలిపేవాడు. ఉత్త "ఇండియన్ ఫుడ్" అని ఊరుకుంటే రోజూ పనీరూ క్రీమూ వేసిన కూరలొస్తాయి, నాలుగో రోజుకి కడుపు మొరాయిస్తుంది. పెరుగు పొద్దున బఫేలో ఉంటుంది, తీపి లేనిది కావాలని "ప్లెయిన్" అని అడగాలి.

ఇంట్లో పెట్టిన ఆవకాయ సీసా చాలా కంపెనీలు ఒప్పుకోవు. కంపెనీ సీలున్న చిన్న ప్యాకెట్లకి మామూలుగా అభ్యంతరం ఉండదు, కందిపొడి, కరివేపాకు పొడి, నిమ్మకాయ పచ్చడి చిన్న చిన్న సాచెట్లుగా పెట్టుకోండి. కానీ ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ రేవుల్లో దిగేటప్పుడు సంచిలో ఏ తిండీ ఉండకూడదు, బఫేలో తీసుకున్న యాపిల్ కూడా. న్యూజిలాండ్‌లో చెప్పకుండా దాచిన పండుకి అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా.

ఇక రోజులో ఏ వేళకైనా ఏదో ఒకటి తినడానికి దొరుకుతూనే ఉంటుంది కాబట్టి షుగరున్నవాళ్లు ఒక నియమం పెట్టుకోవాలి. మావారు మధ్యాహ్నం మాత్రమే బఫే, రాత్రి టేబుల్ దగ్గర వడ్డించింది మాత్రమే అని పెట్టుకున్నారు, అది బాగా పనిచేసింది.

మనుషులు, రేవులు, ఫోను

సముద్రం మీద రోజులకి ఒక దినచర్య ఉండాలి. పొద్దున ఎండెక్కకముందు ప్రొమెనేడ్ డెక్ మీద నడక, పదింటికి లెక్చర్, ఆ తర్వాత వాటర్ కలర్ క్లాసో, కోరస్సో, పేకాటో, మధ్యాహ్నం కునుకు. మొదటి వారంలోనే ఏదో ఒక గుంపులో చేరండి, నెల గడిచాక జట్లు కుదిరిపోయి కొత్తవాళ్లకి కలవడం కష్టమవుతుంది. భోజనానికి పెద్ద టేబుల్ అడగండి, పడకపోతే మార్చమని మొహమాటం లేకుండా చెప్పొచ్చు. భార్యాభర్తలు పగలు కొన్ని గంటలు విడివిడిగా గడపడం చాలా అవసరం, ఆ చిన్న గదిలో నాలుగు నెలలు ఇరవైనాలుగ్గంటలూ కలిసి ఉండటం ఎంత అన్యోన్యంగా ఉన్నవాళ్లకైనా బరువే.

ప్రతి రేవులో దిగక్కర్లేదు. వరుసగా మూడు రేవులొస్తే ఒకటి వదిలేయండి, ఆ రోజు ఓడ ఖాళీగా ప్రశాంతంగా ఉంటుంది. పనామా కాలువ దాటే రోజు మాత్రం పొద్దున్నే ముందు డెక్ మీద కుర్చీ పట్టండి: లాకుల్లో నీళ్లు నింపుతూ అంత పెద్ద ఓడని 26 మీటర్లు పైకెత్తి గాటూన్ సరస్సులోకి వదులుతారు, ఆ సిమెంటు గోడ చేయి చాపితే అందేలా పక్కనే జారుతూ ఉంటుంది. కొన్ని ఊళ్లలో ఓడ దూరంగా ఆగి చిన్న బోట్లలో తీసుకెళ్తారు, దాన్ని టెండర్ అంటారు. అల ఊగుతుంటే అందులోకి అడుగు వేయాలి, వీల్‌చైర్ వాడేవాళ్లకి చాలాసార్లు కుదరదు. మీ జాబితాలో టెండర్ రేవులెన్నో ముందే చూసుకోండి. సొంతంగా టాక్సీలో తిరిగితే ఆలస్యమైనా ఓడ ఆగదు, కంపెనీ టూరైతే ఆగుతుంది. దిగిన ప్రతిసారీ మూడు రోజుల మందులు, పాస్‌పోర్టు కాపీ, ఆ రేవులో ఓడ కంపెనీ తరఫున ఉండే ఏజెంటు ఫోన్ నంబరున్న కాగితం సంచిలో ఉండాలి.

ఓడ ఎక్కగానే ఫోను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి, సముద్రం మీది నెట్‌వర్క్ పట్టుకుందంటే బిల్లు వేలల్లో వస్తుంది. ఓడ వైఫైతో వాట్సాప్ కాల్స్ బాగానే నడుస్తాయి. అసలు టెన్షన్ బ్యాంకు ఓటీపీలతో. బయల్దేరేముందే కరెంటు, ఇన్సూరెన్స్ ప్రీమియం లాంటివి ఆటో డెబిట్‌లో పెట్టేయండి, ఓటీపీలు ఈమెయిల్‌కి కూడా వచ్చేలా చేయించుకోండి, మీ సిమ్‌లో వైఫై కాలింగ్ విదేశాల్లో పనిచేస్తుందో లేదో కనుక్కోండి. వీలునామా, నామినీల వివరాలు ఎక్కడున్నాయో ఒక బిడ్డకైనా చెప్పి వెళ్లండి.

దిగే వారం ముందు నుంచే సామాను సర్దడం మొదలుపెట్టండి, ఖాతా బిల్లు ఒక్కో లైను చూసి ఓడలో ఉండగానే సరిచేయించుకోండి, ఆసుపత్రికి వెళ్లి ఉంటే కాగితాలన్నీ తీసుకోండి, ఇన్సూరెన్స్‌కి అవి లేనిదే కుదరదు. ఇంటికొచ్చాక రెండు మూడు రోజులు నేల ఊగుతున్నట్టుంటుంది, ముఖ్యంగా స్నానం చేసేటప్పుడు కళ్లు మూసుకుంటే. ఆ రోజుల్లో బాత్రూమ్‌లో స్టూలు వేసుకుని కూర్చునే స్నానం చేయండి, వారం దాటినా ఆ ఊపు తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకి చూపించండి.